నంద్యాలలో సర్వర్ ఆగితే ఆళ్లగడ్డ ఆదుకుంటుందా?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లు. ఫైబర్ కేబుల్‌లో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. నంద్యాల సర్వర్‌లో పడిన ఎంట్రీ ఆళ్లగడ్డకు చేరి, అందిందన్న కబురు తిరిగి రావడానికి సెకనులో 2,500వ వంతు చాలు. కాబట్టి రెండు చోట్లా నమోదయ్యాకే లావాదేవీ పూర్తయినట్టు లెక్క వేసుకోవచ్చు. దీన్నే సింక్రనస్ రెప్లికేషన్ అంటారు. నంద్యాల సర్వర్ కాలిపోయినా ఒక్క ఎంట్రీ పోదు.

అదే 1,500 కిలోమీటర్ల దూరమైతే ప్రతి లావాదేవీ 15 మిల్లీసెకన్లు ఆగాలి. అంత ఆలస్యాన్ని భరించలేని చోట నకలును కొంచెం వెనకగా పంపుతారు. సర్వర్ పోతే ఆ కాస్త డేటా కూడా పోతుంది.

అయితే దగ్గరే మేలని నేననను. రెండు ఊళ్లూ కుందూ పరీవాహకంలోనివే. 2009 అక్టోబరులో కర్నూలును ముంచెత్తినంత వరద ఇటు వస్తే రెండు చోట్లా కరెంటూ కేబుళ్లూ ఒకేసారి తెగవచ్చు. 99 శాతం పనిచేసే కేంద్రం ఏడాదికి 87 గంటలకు పైగా ఆగుతుంది. అలాంటివి రెండుంటే, ఒకదాని కష్టం రెండోదానికి అంటనప్పుడు, రెండూ కలిసి ఆగేది ఏడాదికి 53 నిమిషాలే. నది, విద్యుత్ లైను ఒకటే అయితే ఆ లెక్క చెల్లదు. అందుకే మూడో నకలు హైదరాబాద్ లాంటి దూరపు ఊళ్లో ఉండాలి.

అన్ని పనులకూ ఒకే కాపలా అక్కర్లేదు. బ్యాంకు ఖాతాల డేటాబేస్‌కు సింక్రనస్ కావాలి. స్కాన్ చేసిన దస్తావేజులకు గంటకోసారి నకలు చాలు. వెబ్‌సైటుకు రోజుకోసారి సరిపోతుంది. ఆస్పత్రిలో నిమిషానికి 20 బిల్లులు పడతాయనుకుంటే, 15 నిమిషాల డేటా పోతే 300 బిల్లులు పోయినట్టే. ఎంత పోతే తట్టుకోగలమో ముందే తేల్చుకోవాలి.

2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ట్రేడింగ్ సుమారు 4 గంటలు ఆగింది. ఆ తర్వాత స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ ఎక్స్ఛేంజీలకు గడువులు బిగించింది: అంతరాయం మొదలైన 30 నిమిషాల్లో విపత్తుగా ప్రకటించాలి, ఆపై 45 నిమిషాల్లో పని మొదలుపెట్టాలి, పోయే డేటా 15 నిమిషాలది మించకూడదు.

ఇంకో ప్రమాదం: రెప్లికేషన్ మంచినీ చెడునూ ఒకేలా మోస్తుంది. రాన్సమ్‌వేర్ నంద్యాలలో ఫైళ్లకు తాళం వేస్తే ఆళ్లగడ్డ నకలుకూ క్షణంలో తాళం పడుతుంది. 2017 మేలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ దాడికి ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కొన్ని చిక్కాయి. అందువల్ల నెట్‌వర్క్‌కు తగలని బ్యాకప్ విడిగా ఉండి తీరాలి. అది లేకే 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ డేటా సెంటర్ మంటల్లో 858 టెరాబైట్ల ప్రభుత్వ ఫైళ్లు బూడిదయ్యాయి.

నకలు ఉంటే చాలదు, అది పనిచేస్తుందో లేదో నడిపి చూడాలి. నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 2024 మార్చి 2న, శనివారం, కావాలనే రెండో కేంద్రం నుంచి ట్రేడింగ్ నడిపి చూసుకుంది. మన ఆఫీసులూ ఆస్పత్రులూ కూడా ఒక సెలవు రోజున అసలు సర్వర్‌ను ఆపి, నకలు మీద పని నడిపి చూడండి.