బాణానికి తగిన మొన: అండమాన్ వేటలో గురి వెనుక ఉన్న లెక్క

వేటకు రివాల్వర్‌ను అనుమతించే దేశాల్లో వేటగాడు ముందుగా తేల్చుకోవలసింది తన ఆయుధానికి ఏ తూటా సరిపోతుందన్న విషయం. ఒకే కొలత గల తూటాలైనా బరువులోను, మందుగుండు మోతాదులోను తేడా ఉంటే ఒకే రివాల్వర్ నుంచి వేర్వేరు చోట్ల తగులుతాయి. తిరిగే సిలిండర్‌లోని ప్రతి గది గొట్టంతో సరిగ్గా కలవాలి. తూటా వ్యాసం గొట్టం లోపలి వ్యాసానికి సరిపోవాలి. అందుకే అనుభవజ్ఞులు రకరకాల తూటాలను ఒకే లక్ష్యంపై కాల్చి, రంధ్రాలు దగ్గరగా పడిన రకాన్ని ఎంచుకుంటారు.

భారతదేశంలో ఈ అన్వేషణకు అవకాశం దాదాపు లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. తుపాకీ, తూటాల కొనుగోలు 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సుకు లోబడి ఉంటుంది. అయినా ఆయుధానికి, వేట జంతువుకు తగిన మొనను వెదికే విద్య దేశంలో ఒకచోట ఇంకా జీవనాధారంగా ఉంది. అది అండమాన్ దీవుల ఆదిమ తెగల విల్లు, బాణాల విద్య.

రెండు వేటలు, రెండు బాణాలు

అండమానీయులకు ప్రధానమైన వేటలు రెండు. ఒకటి తీరపు నిస్సార జలాల్లో చేప, రెండోది అడవిలో పంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఈ దీవుల్లో అధికారిగా పనిచేసిన ఎడ్వర్డ్ హొరేస్ మాన్, 1906-08 మధ్య ఇక్కడ పరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ఈ బాణాలను వివరంగా వర్ణించారు. చేప బాణానికి, పంది బాణానికి వారి భాషల్లో విడివిడి పేర్లు ఉన్నాయి. ఆ రెండింటి నిర్మాణమూ వేరే.

చేప బాణం పొడవైనది, సన్నని మొన గలది. నీటిలోకి దూసుకుపోయేటప్పుడు దిశ మారకుండా ఉండటమే దాని పని. ఇక్కడ గురికి మరో చిక్కు ఉంది. కాంతి వక్రీభవనం వల్ల నీటిలోని చేప ఉన్న లోతు కంటే పైన ఉన్నట్టు కనిపిస్తుంది. నేరుగా పైనుంచి చూస్తే నిజమైన లోతులో సుమారు నాలుగింట మూడు వంతులే కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే భ్రమ ఇంకా పెరుగుతుంది. కనుక కనిపించిన చోటుకు దిగువన గురి పెట్టినవాడికే చేప దక్కుతుంది. అక్కడి పిల్లలు చిన్న విల్లులతో తీరంలో ఆడుతూ అలవరచుకునే లెక్క ఇదే.

పంది బాణం చేసే పని వేరు. తుపాకీ తూటా తన వేగంతో దెబ్బ తీస్తుంది. బాణం మాత్రం కోతతో, రక్తస్రావంతో చంపుతుంది. దెబ్బ తిన్న పంది వెంటనే పడిపోదు, పొదల్లోకి పరుగెత్తుతుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షం కురిసే అడవిలో నెత్తుటి జాడ ఎక్కువసేపు నిలవదు. దెబ్బ తగిలినా జంతువు దొరక్కపోతే ఆ వేట వృథా.

ఇందుకు గ్రేట్ అండమానీయులు కనుగొన్న ఉపాయం ఊడివచ్చే మొన. ముళ్లు గల ఇనుప పలకను ఒక పొట్టి కర్రకు కట్టి, ఆ కర్రను బాణపు కాండం చివర ఉన్న గూటిలో బిగిస్తారు. కర్రకు, కాండానికి మధ్య బలమైన తాడు ఉంటుంది. బాణం తగలగానే మొన పంది దేహంలో నిలిచిపోతుంది. కాండం ఊడి తాడుకు వేలాడుతుంది. పంది పరుగెత్తే కొద్దీ కాండం పొదలకు, వేళ్లకు చిక్కుకుని దానిని ఆపుతుంది. వేటగాడు అందుకునే దాకా ఆ తాడే కట్టుకొయ్య.

ఈ బాణాలకు ఈకలు ఉండవు, మొనకు విషం పూయరు. దట్టమైన అడవిలో వేట దగ్గరి దూరం నుంచే సాగుతుంది. బరువైన మొన బాణపు భారాన్ని ముందుకు నెట్టి కొంతమేర దిశను నిలుపుతుంది. దూరం తగ్గించుకుని, జంతువు పసిగట్టకుండా చేరువ కావడమే ఇక్కడ గురికి సగం బలం.

ఇనుము ఎక్కడిది?

ఈ తెగలకు లోహాన్ని కరిగించే విద్య లేదు. ఒకప్పుడు మొనలకు ఆల్చిప్ప పెంకులు, ఎముకలు, గట్టి కర్ర వాడేవారు. తీరంలో విరిగిన ఓడలే తొలి ఇనుప గనులు. ఆ ఇనుమును కరిగించకుండా కొట్టి, రాతిపై సానబట్టి మొనగా మలిచారు. 1981 ఆగస్టులో ఉత్తర సెంటినల్ దీవి వద్ద పగడపు దిబ్బపై చిక్కుకున్న ప్రిమ్‌రోజ్ అనే సరకు ఓడ ఇనుము సెంటినలీయుల ఆయుధాల్లోకి చేరింది. 1998 దాకా బయటివారితో వైరంగా ఉన్న జారవాలు వలస గ్రామాలపై చేసిన దాడుల్లో ఇనుప పాత్రలను, పనిముట్లను తీసుకుపోయేవారు. వారికి అది సంపద కాదు, బాణపు మొన.

ఇదే బాణం తుపాకీ ముందు నిలవలేదు. బ్రిటిష్ వారు 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ఖైదీల స్థావరం నెలకొల్పారు. మరుసటి ఏడాది మే నెలలో అబెర్డీన్ వద్ద గ్రేట్ అండమానీయులు విల్లులతో ఎదిరించి ఓడిపోయారు. ఆ తరువాత అంటువ్యాధులు వారిని తుడిచిపెట్టాయి. 2011 జనాభా లెక్కల్లో గ్రేట్ అండమానీయులు 44 మంది, ఓంగేలు 101 మంది, జారవాలు 380 మంది మాత్రమే. 2010లో బో భాష మాట్లాడే చివరి వ్యక్తి మరణించారు. ఒక భాష పోయినప్పుడు దానితో పాటు మొనకు, తాడుకు, గూటికి ఉన్న పేర్లూ పోతాయి.

చట్టం ఏమంటోంది?

1956 నాటి ఆదిమ తెగల రక్షణ నిబంధనలు ఈ తెగల రక్షిత ప్రాంతాల్లో బయటివారి ప్రవేశాన్ని నిషేధించాయి. జారవా రక్షిత ప్రాంతం విస్తీర్ణం సుమారు 1,028 చదరపు కిలోమీటర్లు. 2012 సవరణ శిక్షలను కఠినం చేసి, రక్షిత ప్రాంతాల చుట్టూ 5 కిలోమీటర్ల వరకు బఫర్ ప్రాంతానికి చట్టబద్ధత కల్పించింది. వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 65వ సెక్షన్ నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగలకు 1967లో లభించిన వేట హక్కులను కాపాడింది.

బయటివారు దొంగచాటుగా అడవి పందిని వేటాడితే అది కేవలం ఒక జంతువు మరణం కాదు. జారవాల ఆహారంలో పందికి ప్రధాన స్థానం ఉంది. బ్రిటిష్ పాలనలో తెచ్చి వదిలిన చుక్కల జింక దీవుల్లో విస్తరించినా, సంప్రదాయంగా వారు దానిని వేటాడరు. తుపాకీ గల దొంగ వేటగాడు ఒక రాత్రిలో తీసుకుపోయేది వారి పూట కూడు.

అండమాన్‌లో బెంగాలీ, హిందీ, తమిళం తరువాత ఎక్కువ మంది మాట్లాడే భాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లిన మత్స్యకార కుటుంబాలు 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో తరాలుగా ఉన్నాయి. నిషిద్ధ తీరాల హద్దులు వారి రోజువారీ ఉపాధిని నేరుగా తాకే విషయం. 2006లో ఉత్తర సెంటినల్ తీరానికి కొట్టుకుపోయిన పడవలోని ఇద్దరు మత్స్యకారులు బాణాలకు బలయ్యారు. హద్దు దాటకుండా ఉంటే అటు దీవిలోని వారి వేట, ఇటు సముద్రంలోని వారి ప్రాణం రెండూ నిలుస్తాయి.