డ్రకోనియన్

కఠినమైన బిల్లు ఏది సభ ముందుకొచ్చినా ప్రతిపక్షాల ప్రకటనల్లో, ఇంగ్లిష్ పత్రికల శీర్షికల్లో తరచూ కనిపించే విశేషణం ‘డ్రకోనియన్’. నేరానికి మించిన శిక్ష వేసే, కనికరం ఎరుగని చట్టానికి ఈ మాట వాడతారు.

దీనికి మూలం డ్రాకో అనే ఏథెన్స్ శాసనకర్త పేరు. క్రీ.పూ. 621 ప్రాంతంలో ఆ నగరానికి తొలిసారి రాతపూర్వక చట్టాలు ఇచ్చింది ఆయనే. అంతవరకూ పెద్దింటివాళ్ల నోటిమాటే చట్టం, పగకు పగే న్యాయం. చట్టం అక్షరాల్లోకి రావడం సామాన్యుడికి చిన్న మేలేం కాదు. కానీ కూరగాయలో పళ్లో దొంగిలించినా మరణదండనేనని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఆ చట్టాలను సిరాతో కాదు, నెత్తురుతో రాశారని తర్వాతి కాలపు వక్త డెమాడెస్ అన్నాడట. క్రీ.పూ. 594లో సోలోన్ అనే మరో శాసనకర్త, హత్యకు సంబంధించినవి మాత్రం ఉంచి, మిగతావన్నీ రద్దుచేశాడు. ఉంచిన ఆ చట్టం కావాలని చంపడానికీ, అనుకోకుండా ప్రాణం తీయడానికీ తేడా చూపింది. డ్రాకోకు దక్కాల్సిన ఈ మంచిపేరును ఆయన పేరుతో పుట్టిన విశేషణం పూర్తిగా మింగేసింది.

మన దేశంలో, విచారణ లేకుండా నిర్బంధించే వీలిచ్చిన 1919 నాటి రౌలట్ చట్టానికి ఈ మాట అతికినట్టు సరిపోతుంది. బెయిలు దొరకడం గగనమైన చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం ‘ఉపా’ విషయంలోనూ, 2015లో సుప్రీంకోర్టు కొట్టేసిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్ విషయంలోనూ విమర్శకులు దీన్నే వాడారు. కానీ హెల్మెట్ లేనందుకు వేసే జరిమానాకూ ఇదే మాట వాడితే, నిజంగా మనుషుల్ని ఏళ్ల తరబడి జైల్లో ఉంచే చట్టాన్ని విమర్శించడానికి దీనికి పదును మిగలదు.