డొమైన్ ఈమెయిల్ సేవ మార్పు: ఉత్తరాల మళ్లింపులో పాటించవలసిన క్రమం

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న మహబూబ్‌నగర్ జిల్లా నుండి నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడినప్పుడు బల్మూర్ మండలం కొత్త జిల్లాలో చేరింది. ఊరి పేరు మారలేదు. అర్జీలు చేరవలసిన కలెక్టరేటు మారింది. అటువంటి సమయంలో పాత కార్యాలయం ఏ అర్జీనైనా తనదేనని అట్టిపెట్టుకుంటే అది కొత్త కార్యాలయానికి చేరదు. డొమైన్ ఈమెయిల్ సేవ మారినప్పుడు ఎదురయ్యే సమస్య కూడా ఇటువంటిదే. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఈమెయిల్ ఇటీవల జోహో వేదికకు మారినప్పటికీ ప్రభుత్వ డొమైన్లు పాతవే కొనసాగాయి.

2. ఉత్తరం దారి

ఉత్తరం పంపే సర్వరు గ్రహీత డొమైనుకు చెందిన ఎం.ఎక్స్. రికార్డును డి.ఎన్.ఎస్.లో వెతుకుతుంది. 1986 జనవరిలో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 974 ఈ పద్ధతిని వివరించింది. లభించిన సమాధానాన్ని టి.టి.ఎల్. అనే గడువు తీరేవరకు ఇతర సర్వర్లు దాచుకొంటాయి. ఆ గడువు 86,400 సెకన్లయితే, మార్పు తరువాత ఒక రోజు వరకు కొన్ని ఉత్తరాలు పాత సర్వరుకే వెళ్లవచ్చు.

3. మార్పు క్రమం

మొదట కొత్త సంస్థ వద్ద ఖాతాలన్నీ తెరవాలి. పాత గడువు పూర్తిగా తీరేంత ముందుగానే టి.టి.ఎల్.ను 300 సెకన్లకు తగ్గించాలి. అటుపిమ్మట పాత ఎం.ఎక్స్. రికార్డులను తొలగించి కొత్తవి చేర్చాలి. పంపే ఉత్తరాలను ఇతరులు అనుమానించకుండా ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం. రికార్డులనూ సవరించాలి.

4. కనిపించని లోపం

సంస్థ వెబ్‌సైటు తరచుగా పాత సర్వరులోనే మిగిలిపోతుంది. ఆ సర్వరు డొమైనును ఇంకా తనదిగా భావిస్తే, వెబ్‌సైటు దరఖాస్తు పత్రం నుండి వచ్చే ఉత్తరాన్ని ఎం.ఎక్స్. చూడకుండానే పాత పెట్టెలో వేస్తుంది. గమ్యం దొరకని ఉత్తరమైతే పంపిన సర్వరు కొన్ని రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించి, చివరకు పంపినవారికి తెలియజేస్తుంది. ఇక్కడ ఉత్తరం చేరినట్లే నమోదవుతుంది కనుక ఎవరికీ హెచ్చరిక అందదు. బయటి నుండి పంపిన ఉత్తరాలు సక్రమంగా చేరుతుండడం వల్ల లోపం మరింత మరుగున పడుతుంది.

దీనికి పరిష్కారం పాత సర్వరు స్థానిక డొమైన్ల జాబితా నుండి ఆ పేరును తొలగించడం. అయితే టి.టి.ఎల్. గడువు తీరకముందే తొలగిస్తే, పాత దారిలో వచ్చే ఉత్తరాలను ఆ సర్వరు తిరస్కరిస్తుంది. గడువును ముందుగా తగ్గించడంలోని ప్రయోజనం ఇక్కడ స్పష్టమవుతుంది. తొలగించేవరకు పాత పెట్టెను గమనిస్తూ, వచ్చిన ఉత్తరాలను కొత్త ఖాతాకు తరలించాలి.

5. ముగింపు

మార్పు పూర్తయిందని నిర్ధారించడానికి బయటి ఖాతా నుండి ఒకటి, వెబ్‌సైటు దరఖాస్తు పత్రం నుండి ఒకటి, కనీసం రెండు ఉత్తరాలు పంపి చూడాలి. రెండవ పరీక్ష జరపకపోతే, గడువులోగా దరఖాస్తు పంపిన విద్యార్థి అసలు పంపనేలేదని కార్యాలయం భావించే ప్రమాదం ఉంది.