గొర్రెల కోసం ఖాళీ అయిన ఊరు

పిల్లలూ! మీ అట్లాసులో ఇంగ్లండు పటం తీసి, ఉత్తర భాగంలో యార్క్ నగరాన్ని గుర్తించండి. దానికి ఈశాన్యంగా ముప్పై కిలోమీటర్ల లోపు దూరంలో సుద్దరాతి కొండలున్నాయి. (నల్లబల్ల మీద మేము రాసే సుద్దముక్కలు ఇప్పుడు ఎక్కువగా జిప్సంతో చేస్తున్నారు గాని, అసలు సుద్ద అంటే ఈ రాయే.) ఆ కొండల నడుమ ఒక చిన్న లోయ ఉంది. లోయలో ఒక చెరువు, పైకప్పు లేని ఒక చర్చి కనిపిస్తాయి. చర్చికి పైన మిట్ట మీద అంతా పచ్చికే. తర్వాతి కాలపు కుటీరం తప్ప ఇల్లన్నది లేదు. ఈ చోటు పేరు వారమ్ పెర్సీ. సుమారు ఐదు వందల ఏళ్ళ క్రితం వరకు ఇక్కడ ఒక ఊరు ఉండేది.

ఉండేదని ఎలా తెలిసింది? సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఆ పచ్చికను చూస్తే, మధ్యాహ్నం కనిపించని గట్లన్నీ నీడలు వేస్తాయి. పొడుగ్గా పల్లంగా ఉన్నది వీధి. దాని పక్కన నలుచదరంగా ఉన్న చిన్న గట్లు ఇంటి గోడల మొదళ్ళు. ఇంటి వెనుక పొడుగాటి జాగా పెరడు. విమానం నుంచి తీసిన ఫొటోలో ఇది ఊరి పటం గీసినట్టే ఉంటుంది. ఇలా పాడుపడిన ఊరి దిబ్బను మనవాళ్ళు పాటిదిబ్బ అంటారు. ఇంగ్లండులో ఇటువంటి పాడుపడిన ఊళ్ళు మూడు వేలకు పైగా గుర్తించారు.

1948లో మారిస్ బెరెస్‌ఫర్డ్ ఈ గట్లను చూశాడు. ఆయన లీడ్స్ విశ్వవిద్యాలయంలో ఆర్థిక చరిత్ర చెప్పే అధ్యాపకుడు. పాత పన్ను లెక్కల్లో పేరు ఉండి, నేటి పటంలో ఊరు లేనిచోట్లు ఎక్కడెక్కడ ఉన్నాయా అని వెతుకుతున్నాడు. 1950లో ఇక్కడ త్రవ్వడం మొదలుపెట్టాడు. అయితే ఆయన పురావస్తు శాస్త్రవేత్త కాదు. ఆ లోటు 1952లో వచ్చి చేరిన జాన్ హర్స్ట్ తీర్చాడు. ఆ తర్వాత ఇద్దరూ 1990 దాకా ప్రతి వేసవిలో స్వచ్ఛంద సేవకులతో వచ్చి త్రవ్వారు. నలభై ఏళ్ళు! రాజుగారి సమాధి కోసమో, బంగారం కోసమో కాదు. మామూలు రైతు ఎలా బతికాడో తెలుసుకోవడానికి. రాజుల సంగతులు రాయడానికి ఆస్థాన లేఖకులుంటారు. రైతు గురించి కాగితం మీద ఉండేది అతను ఎంత చెల్లించాలన్నదే. మిగతాదంతా మట్టిలోనే వెతకాలి.

త్రవ్వడంలోనూ ఒక పద్ధతి ఉంది. అంతవరకు సన్నని కందకం త్రవ్వి గోడ ఎక్కడుందో చూసేవారు. ఇక్కడ ఒక ఇల్లున్న జాగా మొత్తాన్ని తెరచి, ఉల్లిపాయ పొరలు ఒలిచినట్టు పొర తర్వాత పొర తీశారు. రైతు ఇంట్లో నిధులు దొరకవు కదా! కుండ పెంకులు, పశువుల ఎముకలు, సముద్రపు చేపల ముళ్ళు, విరిగిన ఇనుప మేకులు దొరికాయి. కొన్ని ఇళ్ళలో నేల నడిమి భాగం గుంటపడి ఉంది. ఎందుకో చెప్పండి చూద్దాం? తరతరాలుగా ఊడ్చి ఊడ్చి అరిగిపోయిందని త్రవ్వినవాళ్ళు భావించారు.

ఆ ఇళ్ళ గురించి మొదట ఒక అభిప్రాయం ఏర్పడింది. సుద్దరాళ్ళు పేర్చిన గోడలు బలహీనంగా, మాటిమాటికీ మార్చి కట్టినట్టు కనిపించాయి. అందువల్ల ఈ రైతుల ఇళ్ళు ఒక తరం కూడా నిలవని గుడిసెలనుకున్నారు. 1980లలో స్టూవర్ట్ రాత్మెల్ అనే పురావస్తు శాస్త్రవేత్త ఆ ఆధారాలనే తిరిగి పరిశీలించాడు. ఇంటి కప్పు బరువు గోడల మీద లేనే లేదన్నాడు. వంపు తిరిగిన రెండు పెద్ద దూలాలను చేతులు జోడించినట్టు పైన కలిపి నిలబెడతారు. అలాంటి జతలు కొన్ని వరసగా నిలిపితే కప్పును అవే మోస్తాయి. గోడ వట్టి చలిగాలికి అడ్డు మాత్రమే. కూలితే మళ్ళీ పేర్చుకుంటారు. ఇల్లు నూరేళ్ళయినా నిలుస్తుంది. చూశారా, దొరికిన రాళ్ళు మారలేదు. వాటిని అర్థం చేసుకున్న తీరు మారింది.

ఇక ఊరి వయసు సంగతి. ఈ నేలలో రోమనుల కాలంలోనే పొలాలు, కమతాలు ఉన్నాయి. 1086లో విలియం రాజు దేశమంతటా జరిపించిన భూముల లెక్కల్లో ఊరు పేరు ఎక్కింది. తర్వాత పెర్సీ అనే ప్రభువుల వంశం దీనిని ఏలింది. ఊరి పేరులో రెండో ముక్క వారిదే. 12, 13 శతాబ్దాలు ఊరికి మంచి రోజులు. ఆ సంగతి చర్చి గోడలే చెబుతాయి. మొదట చిన్న కొయ్య కట్టడం. ఆ తర్వాత రాతి కట్టడం. జనం పెరిగిన కొద్దీ రెండు పక్కలా వసారాలు కలిపారు. జనం తగ్గాక ఆ వసారాలను పడగొట్టి, స్తంభాల మధ్య సందులు రాళ్ళతో పూడ్చేశారు.

చర్చి పక్క శ్మశానంలో దాదాపు 700 అస్థిపంజరాలు బయటపడ్డాయి. ఈ త్రవ్వకాల్లో నాకు అన్నిటికన్నా విలువైనవిగా తోచేవి ఇవే. పిల్లల వయసు పళ్ళు చెబుతాయి. ఎత్తు తొడ ఎముక పొడవు చెబుతుంది. రెండూ కలిపి చూస్తే, ఆ ఊరి పద్నాలుగేళ్ళ పిల్లవాడు ఇంచుమించు నేటి పదేళ్ళ పిల్లవాడి ఎత్తే ఉన్నాడు! తిండి చాలక, జబ్బులు తగిలి ఎదుగుదల మందగించింది. అయితే నెమ్మదిగానైనా ఎక్కువ ఏళ్ళు పెరిగి, పెద్దయ్యేసరికి ఆ తేడా చాలావరకు తగ్గేది.

పసిపిల్లల ఎముకలు మరో రహస్యం చెప్పాయి. ప్రకృతిలో నత్రజని రెండు రకాలు. ఒకటి తేలిక, ఒకటి కొంచెం బరువు. గడ్డిని ఆవు తింటే, ఆవు శరీరంలో బరువు నత్రజని పాలు గడ్డిలోకన్నా హెచ్చుతుంది. ఆహారపు గొలుసులో మెట్టు ఎక్కిన కొద్దీ అంతే. తల్లిపాలు తాగే బిడ్డ తల్లికంటే ఒక మెట్టు పైన ఉన్నట్టు లెక్క. అందువల్ల పాలు మానగానే ఆ పాలు తగ్గిపోతుంది. వారమ్ పెర్సీ పిల్లల్లో ఆ తగ్గుదల సుమారు ఏడాదిన్నర వయసులో కనిపించింది. చదువురాని తల్లులు ఎన్నాళ్ళు పాలిచ్చారో 2002లో ఈ విధంగా తెలిసిందన్నమాట.

అన్నీ ఇంత మృదువైన సంగతులు కావు. ఊరి మధ్య గుంటల్లో 137 మనిషి ఎముకలు దొరికాయి. కనీసం పదిమందివి. అవి 11-14 శతాబ్దాల నాటివి. కొన్ని కాలాయి. కొన్నిటిపై కత్తి గాట్లున్నాయి. పరాయివాళ్ళను చంపారా? కరువులో మనుషులనే తిన్నారా? 2017లో శాస్త్రవేత్తలు ఆ పళ్ళలోని స్ట్రాన్షియం పరీక్షించారు. చిన్ననాడు పన్ను పింగాణీ ఏర్పడేటప్పుడు అక్కడి మట్టిలోని స్ట్రాన్షియం తిండి ద్వారా అందులో చేరి, జన్మస్థలపు ముద్రలా ఉండిపోతుంది. తీరా చూస్తే వాళ్ళు ఆ ప్రాంతం వాళ్ళే. గాట్లు ఎక్కువగా తల, మెడ దగ్గరే ఉన్నాయి. మాంసం కోసమైతే గాట్లు పెద్ద కండరాలు ఎముకకు అంటుకున్నచోట ఉండాలి. చచ్చినవాళ్ళు లేచి వస్తారన్న భయంతో శవాలను నరికి కాల్చి ఉంటారన్నది మిగిలిన ఊహ. మిగతా రెంటికన్నా ఇదే బాగా పొసగుతోందని వారన్నారు. రుజువైందని మాత్రం అనలేదు.

మరి ఊరు ఎలా పోయింది? ప్లేగు మహమ్మారి తుడిచిపెట్టిందని చాలామంది అనుకునేవారు. 1348లో ఇంగ్లండుకు వచ్చిన ప్లేగుకు ఆ దేశపు జనంలో మూడో వంతుకు తక్కువ కాకుండా బలయ్యారు. వారమ్ పెర్సీలోనూ చావులు తప్పలేదు. కాని లెక్కలు చూడండి. 1368లో, అంటే ప్లేగు వచ్చిపోయిన ఇరవై ఏళ్ళకు, ఊళ్ళో సుమారు 30 ఇళ్ళున్నాయి. 1458 నాటికి 16 మిగిలాయి. ప్లేగు ఊరిని ఒక్క దెబ్బకు చంపలేదు. ఇంకో విధంగా దెబ్బతీసింది. జనం తగ్గడంతో కూలీల గిరాకీ పెరిగింది, ధాన్యం కొనేవాళ్ళు తగ్గారు. అదే సమయంలో ఉన్నికి మంచి ధర ఉంది. పొలం దున్నడానికి అరకలు, ఎద్లు, పదిమంది మనుషులు కావాలి. గొర్రెలకు ఒక కాపరి, ఒక కుక్క చాలు. భూస్వామి లెక్క వేసుకున్నాడు.

అప్పటికి ఊరు హిల్టన్ వంశం చేతిలో ఉంది. పల్లెలు బీళ్ళవుతున్నాయని ఆందోళన పుట్టి 1517లో ప్రభుత్వం దేశవ్యాప్తంగా విచారణ జరిపింది. వారమ్ పెర్సీ గురించి అందులో నమోదైంది ఇంతే. 1488 తర్వాత బారన్ హిల్టన్ నాలుగు ఇళ్ళు పడగొట్టించాడు, నాలుగు అరకలు ఆగిపోయాయి. అయిదారు శతాబ్దాల ఊరికి రాసిన మరణ వాంగ్మూలం ఆ ఒక్క వాక్యం!

చర్చి మాత్రం వెంటనే మూతపడలేదు. పక్కనున్న థిక్సెండేల్ గ్రామస్థులకు అదే చర్చి కావడంతో కొండలు దాటి నడిచి వచ్చేవారు. 1870లో వాళ్ళు తమ ఊళ్ళోనే మరో చర్చి కట్టుకున్నారు. ఇక్కడ చివరి ఆరాధన 1949లో జరిగింది. 1959లో గోపురంలో ఒక భాగం కూలి, మిగతా భాగం పుస్తకంలోని అడ్డుకోత బొమ్మలా నిలబడి ఉంది. గోడల్లో పూడ్చిన కమానులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఊళ్ళో జనం ఎప్పుడు పెరిగారో, ఎప్పుడు తగ్గారో తెలుసుకోవడానికి, అక్కడికి వెళ్ళినవాళ్ళు ఆ రాళ్ళ అతుకులు లెక్కపెడుతూ గోడ చుట్టూ తిరుగుతారు.