పహాణీ పేజీలో చక్రం ఎందుకు తిరుగుతుంది?

సింధనూరు, మాన్వి క్యాంపుల్లో పంట రుణాల రోజులొస్తే ఫోన్‌లో పహాణీ తెరవడం, చక్రం తిరుగుతుంటే సిగ్నల్‌ను తిట్టుకోవడం మామూలే. సర్వర్ బెంగళూరులో ఉందనుకున్నా, ఆ 400 కిలోమీటర్లు ఫైబర్‌లో 2 మిల్లీసెకన్ల దారి. ఆలస్యం ఎక్కువగా రెండు కొసల్లోనే ఉంటుంది.

మొదటిది సర్వర్. 2000లో మొదలైన ‘భూమి’ పథకం 67 లక్షల రైతుల 2 కోట్ల పహాణీలను కంప్యూటర్‌కెక్కించింది. వరసగా వెతికితే కోట్ల రికార్డులు తిరగెయ్యాలి. ఊరు, సర్వే నంబరు వారీగా ఇండెక్స్ ఉంటే పాతిక పోలికల్లో దొరుకుతుంది. అసలు వేగం ఇక్కడే.

రెండోది ఫోన్. హోబ్లీలు, ఊళ్ల పేర్లు రోజూ మారవు కదా, బ్రౌజర్ వాటిని దాచుకోవచ్చు. సర్వే నంబరు ఖాళీగా వదిలామా అన్నదీ ఫోనే చూసుకోగలదు. అయితే బ్రౌజర్ కోడ్‌ను ఎవరైనా మార్చవచ్చు కాబట్టి సర్వర్ మళ్లీ తనిఖీ చెయ్యాల్సిందే. హక్కుదారు పేరు మాత్రం దాచిన కాపీ నుంచి చూపకూడదు. నిన్న మ్యుటేషన్ అయిన పొలానికి పాత పేరు ఎంత వేగంగా వచ్చినా బ్యాంకులో పనికిరాదు.

మిగతా సైట్లు తెరుచుకుని ఇదొక్కటే ఆగితే రద్దీ సర్వర్‌దే అనుకోవచ్చు. రిఫ్రెష్ నొక్కినకొద్దీ వరసలో ఇంకో అర్జీ చేరుతుంది. కాసేపాగి, రద్దీ తగ్గాక ప్రయత్నించండి.