మనుష్యులు త్రవ్విన జలపాతము

జలపాతము దైవసృష్టి యని తలచుట సహజము. కాని ఇటలీదేశమున మనుష్యులు కాలువ త్రవ్వి పుట్టించిన జలపాత మొకటి కలదు. దాని పేరు మార్మొరె. రోమునగరమునకు ఉత్తరమున, తెర్ని పట్టణమునకు సమీపమున, మూడంచెలుగా మొత్తము 165 మీటర్ల యెత్తునుండి నీరు దుముకును.

ఆ కొండకు పైవైపున రియేతి యను పట్టణము, దాని చుట్టును విశాలమైన పల్లపునేల కలవు. అటనుండి వచ్చు వెలీనో నదీజలమున సున్నము మెండు. అది పేరుకొని రాయియై నదికి అడ్డుకట్టవలె నిలువగా, పల్లమంతయు చిత్తడినేలయై జ్వరములకు తావయ్యెను. క్రీ.పూ. 271లో కూరియస్ దెంతాతుస్ అను రోము నాయకుడు కొండయంచు వరకు కాలువ త్రవ్వించి, ఆ నీరు దిగువనున్న నేరా నదిలో పడునట్లు చేసెను.

రియేతివారికి సేద్యపునేల లభించెను. కాని పైన తొలగిన నీరు క్రింద చేరక మానదు గదా! నేరా పొంగినపుడు తెర్నివారికి ముంపుభయము పట్టుకొనెను. తగవు పెరిగి, క్రీ.పూ. 54లో సుప్రసిద్ధ వక్త సిసెరో రియేతివారి పక్షమున వాదించెను.

క్రీ.శ. 15లో టైబరు నది వరదల పిమ్మట, దాని ఉపనదులను మళ్లింపవలెనా యని రోమునందలి పెద్దలసభ యోచించెను. వెలీనోను అడ్డగించిన తమ నేల మునుగునని రియేతివారును, నేరాను పాయలుగా చీల్చిన తమ మంచి పొలములు చిత్తడియగునని తెర్నివారును విన్నవించిరి. సభవారు అందరి మాటయు విని, ఉన్నదానిని మార్చకుండుటయే మేలని నిర్ణయించిరి.

పందొమ్మిదవ శతాబ్దిలో ఈ నీటిబలము నాధారము చేసికొని తెర్నిలో పరిశ్రమలు పెరిగెను. 1884లో ఉక్కు కర్మాగారము స్థాపింపబడెను. అటుపిమ్మట నదీజలమును విద్యుత్తు పుట్టించుటకు మళ్లించిరి. కావున నేడా జలపాతము ఎల్లవేళల నిండుగా పారదు. నియమితమైన వేళలందు మాత్రమే తలుపులు తెరతురు. ముందుగా సైరను మ్రోగును. కొంతసేపటికి సన్నని ధార వెల్లువయై, తుంపరల నడుమ ఇంద్రధనుస్సు తోచును. సెలవుదినములందు అచట మన తిరునాళ్లవలె జనము మూగుదురు.

ఒకరి కష్టము తీర్చిన కాలువయే ఇంకొకరికి భయమైనది, మరియొక కాలమున జీవనాధారమును వేడుకయు నైనది. నీరు పల్లమెరుగునని మన పెద్దల మాట. ఆ పల్లమున నున్నవా రెవ్వరో త్రవ్వుటకు ముందే విచారించుట మన వంతు.