మీకు తెలుసా? పాము చవక, పెట్టె ఖరీదు

నలభై ఏళ్ల పొపాయి

అమెరికాలోని ఫిలడెల్ఫియా జూలో పొపాయి అనే బోవా కన్‌స్ట్రిక్టర్ ఉండేది. 1977 ఏప్రిల్ 15న చనిపోయేనాటికి దాని వయసు 40 ఏళ్ల 3 నెలల 14 రోజులు. అన్ని బోవాలూ అంతకాలం ఉండవు గానీ, సరిగ్గా చూసుకుంటే ఇరవై ముప్పై ఏళ్లు బతకడం మామూలే. పద్నాలుగేళ్ల పిల్లాడు పుట్టినరోజుకి పట్టుబట్టి కొనిపించుకున్న పాము, వాడి పిల్లలు బడికెళ్లే రోజులకీ ఇంట్లోనే ఉంటుందన్నమాట. మధ్యలో వాడు కాలేజీకి వెళ్లిపోతాడు. అప్పుడు ఫ్రీజర్‌లోంచి ఎలుకను తీసి కరిగించే పని ఎవరి నెత్తిన పడుతుందో కొనకముందే తేల్చుకోవాలి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కాపురముండే మన అమ్మానాన్నలు నవ్వి ఊరుకునే సంగతి కాదిది. అక్కడ మామూలు రంగు బోవా పిల్ల జాతి కుక్కపిల్ల కంటే చాలా చవగ్గా దొరుకుతుంది. అసలు ఖర్చు పెట్టెది, దీపాలది, థర్మోస్టాట్‌ది.

గుడ్లు పెట్టదు

మన అడవుల్లోని కొండచిలువ గుడ్లు పెట్టి, వాటిని చుట్టుకుని కాపలా కాస్తుంది. బోవా నేరుగా పిల్లల్ని కంటుంది. ఒక్కో కాన్పులో పాతిక దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. పుట్టేటప్పటికే పిల్ల అడుగున్నర దాకా ఉంటుంది, ఎవరి వేట వారిదే. మెక్సికో నుంచి అర్జెంటీనా దాకా వీటి సొంత గడ్డ. ఇళ్లలో ఎక్కువగా పెంచేది మధ్య అమెరికా, కొలంబియా వైపు నుంచి వచ్చిన బోవా ఇంపరేటర్‌ని. ఆడది ఆరు నుంచి ఎనిమిది అడుగులు పెరుగుతుంది, మగది అంతకంటే చిన్నది. విషం లేదు. పళ్లు మాత్రం ఉన్నాయి, వెనక్కి వంగి, సూదుల్లా. కరిస్తే చెయ్యి వెనక్కి లాక్కోకూడదు, గాయం పెద్దదవుతుంది.

వేడి ఒక పక్క, చల్లదనం ఒక పక్క

బోవాకు గదంతా వెచ్చగా ఉంటే చాలదు. ఒంటి వేడిని తనే పుట్టించుకోలేని జీవి కాబట్టి, కావలసినప్పుడు వేడి దగ్గరికి పోవాలి, చాలనుకున్నప్పుడు ఇవతలికి రావాలి. అందుకే పెట్టెలో ఒక చివర ఎండ కాచుకునే చోటు 31 నుంచి 33 డిగ్రీల సెల్సియస్, రెండో చివర 25, 26 డిగ్రీలు ఉండేలా చూస్తారు. రాత్రిపూట కాస్త తగ్గినా ఫరవాలేదు, 23 కంటే దిగకూడదు. ఎలుకను మింగిన పాము వేడి చివరే పడుకుంటుంది. అరుగుదల ఆ వేడితోనే. పెట్టె చల్లబడితే లోపలి ఎలుక అరగకముందే కుళ్లడం మొదలవుతుంది, పాము దాన్ని కక్కేస్తుంది.

ఇక్కడ ప్రాణం నిలిపేదీ, తీసేదీ థర్మోస్టాటే. దాని నుంచి ఒక సన్నటి తీగ వస్తుంది, చివర చిక్కుడు గింజంత ప్రోబ్. అది ఎక్కడుంటే అక్కడి వేడిని బట్టే దీపం వెలగడం, ఆరడం. ఆ తీగను గట్టిగా బిగించకుండా వదిలేశారనుకోండి. పాము రాత్రి తిరుగుతూ దాన్ని నీళ్ల గిన్నెలోకి తోసేస్తుంది. నీళ్లు చల్లగా ఉన్నాయి కాబట్టి పెట్టెంతా చల్లబడిందని థర్మోస్టాట్ అనుకుంటుంది, తెల్లవార్లూ దీపాన్ని పూర్తి జోరు మీద వెలిగిస్తుంది. పొద్దున్నే చూసేసరికి వేడి చివర నేల కాలుతూ ఉంటుంది. వేడెక్కిన నేల మీద పాములు కాలిపోయేదాకా కదలకుండా పడుకున్న ఉదాహరణలు పశువైద్యులకు కొత్త కాదు. కిందినుంచి వచ్చే వేడిని అవి ప్రమాదంగా సరిగ్గా పట్టలేవు. లోపల కరెంటుతో వేడెక్కే నకలు బండరాళ్లు ఒకప్పుడు తెగ అమ్ముడుపోయేవి. వాటిని ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. దీపం పెట్టె లోపలే ఉంటే దాని చుట్టూ జాలీ తప్పనిసరి, లేకపోతే పాము వెళ్లి బల్బునే చుట్టుకుంటుంది.

ఈ లెక్కలన్నీ పాము రాకముందే కుదరాలి. ఖాళీ పెట్టెను వారం పది రోజులు నడిపించి, పొద్దునా రాత్రీ రెండు చివర్లా ఎంతుందో రాసుకుని, అప్పుడు పామును తెచ్చేవాళ్లు తెలివైనవాళ్లు. చాలామంది పాముని, పెట్టెని ఒకే సాయంత్రం తెస్తారు.

పెట్టె ఎంతుండాలి?

దీనిమీద పెంపకందార్లలో పెద్ద పేచీయే ఉంది. చిన్న సొరుగుల్లో పెట్టినా పాము తిని, పెరిగి, పిల్లల్ని పెడుతుంది కదా అని అమ్మకాల కోసం పెంచేవాళ్ల వాదన. పాము ఒళ్లు పూర్తిగా చాపుకునేంత పొడవైనా లేకపోతే ఎలా అని ఇప్పటి పశువైద్యుల్లో చాలామంది అడుగుతున్నారు. నా ఓటు రెండో పక్షానికే. పెద్ద బోవాకు ఆరడుగుల పొడవు, రెండడుగుల లోతు, రెండడుగుల ఎత్తు కనీసం అనుకోవాలి. ఎనిమిది అడుగుల ఆడదానికి అదీ చాలదు. పిల్ల బోవాలు కొమ్మలెక్కుతాయి, కాబట్టి బరువు మోసే కర్రో అరో అమర్చాలి.

దాక్కునే గూళ్లు రెండు ఉండాలి, వేడి చివర ఒకటి, చల్ల చివర ఒకటి. ఒక్కటే పెడితే పాముకు చిక్కొచ్చి పడుతుంది: వేడి కావాలంటే బయటపడాలి, దాక్కోవాలంటే చలికి ఓర్చుకోవాలి. గూడు విశాలంగా ఉండక్కర్లేదు, ఒంటికి అన్ని వైపులా తగులుతుంటేనే దానికి భద్రం. తాళం సంగతి చెప్పనక్కర్లేదు గానీ చెబుతాను. గాజు తొట్టి మీద మూత పెట్టి, దాని మీద లావుపాటి పుస్తకం బరువు పెట్టడం తాళం కాదు. బోవా ఒళ్లంతా కండ. ముక్కు దూరే సందు దొరికితే రాత్రంతా అక్కడే తోస్తుంది.

తేమ 60, 70 శాతం మధ్య. జాలీ మూత ఉన్న గాజు తొట్టిలో అది నిలవదు, అందుకే పీవీసీ పలకల పెట్టెలకు గిరాకీ. కింద పరవడానికి కొబ్బరి పొట్టు బాగుంటుంది, పాత న్యూస్‌పేపరైనా తప్పులేదు. సెడార్ చెక్క పొట్టు మాత్రం వద్దు. మనకు కమ్మగా తోచే ఆ వాసన నూనెలు పాము ఊపిరితిత్తులకు పడవు. పాము మునిగేంత నీళ్ల గిన్నె ఉండాలి. అందులో నీళ్లే పోయాలి సుమా, నాగులచవితి అలవాటు కొద్దీ పాలు కాదు.

కుబుసాన్ని చదవడం

తేమ సరిపోయిందో లేదో చెప్పేది కుబుసమే. విడిచే ముందు రంగు మాసి, కళ్లు నీలంగా పాలిపోతాయి. ఆ రోజుల్లో చూపు ఆనదు, చిరాకెక్కువ, ముట్టుకోకుండా వదిలేయాలి. అన్నీ బాగుంటే కుబుసం తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా, మేజోడు తిరగేసినట్టు వస్తుంది. దాన్ని పారేయకముందు తల భాగాన్ని వెలుతురుకు పట్టి చూడాలి. పాముకు కనురెప్పలుండవు, కంటి మీద గాజులాంటి పొలుసు ఉంటుంది. కుబుసంలో ఆ రెండు గుండ్రటి పొలుసులూ కనిపిస్తే సరే. అక్కడ చిల్లులుంటే పాత పొలుసు కంటి మీదే ఉండిపోయిందని అర్థం. గోటితో గీకి తీసే సాహసం చేయొద్దు. తేమ పెంచి, తడి నాచు నింపిన గూట్లో పడుకోనివ్వాలి. అదీ రాకపోతే డాక్టరు.

ముద్దు ఎక్కువైతే లివర్

పెంపుడు బోవాలు ఆకలితో పోవడం అరుదు. ఎక్కువ తిని పోతాయి. అడవిలో దానికి ఎర ఎప్పుడో గాని దొరకదు. ఇంట్లో వారం వారం పెద్ద ఎలుక దొరికితే వద్దనదు, కొవ్వు లివర్‌లో పేరుకుంటుంది. పెద్ద బోవాకు మూడు, నాలుగు వారాలకోసారి ఒక ఎలుక చాలు. ఎలుక లావు పాము నడుము లావును మించకూడదు. చచ్చి గడ్డకట్టిన ఎలుకలే మేలు. బతికున్నదాన్ని వదిలితే, పాముకు ఆకలి లేని రోజున ఎలుకే పామును కొరికి పుండ్లు చేస్తుంది. గడ్డ కట్టినదాన్ని ముందురోజు ఫ్రిజ్‌లో కిందికి దించి, తర్వాత సంచిలో పెట్టి వేడి నీళ్లలో ఉంచుతారు. మైక్రోవేవ్ పనికిరాదు. పైన వేడి, లోపల మంచు, ఒక్కోసారి పేలుడు కూడా. ఆ తర్వాత వంటిల్లు ఎవరు కడగాలన్నది ఆ ఇంటి గొడవ. పొడవాటి పట్టకారుతోనే అందించాలి. వేడిని పట్టే నరాలు దాని పెదవుల పొలుసుల్లో ఉన్నాయి, వెచ్చటి చెయ్యికీ వెచ్చటి ఎలుకకీ ఆ క్షణంలో తేడా తెలియదు.

అనుభవజ్ఞుల చిట్కా ఒకటుంది. బయటికి తీసే ప్రతిసారీ ముందు కొక్కెం కర్రతో ఒంటిమీద మెల్లగా తాకుతారు. కర్ర తగిలిందంటే తిండి కాదని పాము నేర్చుకుంటుంది. తిన్నాక కనీసం రెండు రోజులు ఎత్తుకోకూడదు.

పట్టు ఎప్పుడు వదులుతుంది?

బోవా ఊపిరాడకుండా చేసి చంపుతుందని పుస్తకాలు చాలాకాలం రాశాయి. పెన్సిల్వేనియాలోని డికిన్సన్ కాలేజీకి చెందిన స్కాట్ బోబాక్ బృందం 2015లో కొలిచి చూస్తే, ఆ పట్టుకు క్షణాల్లోనే ఎలుక రక్తప్రసరణ ఆగిపోతోందని తేలింది. అంతకుముందు 2012లో ఇదే బృందం చచ్చిన ఎలుకల్లో కృత్రిమ గుండెలు అమర్చి పాములకిచ్చింది. గుండె కొట్టుకున్నంతసేపూ పాములు బిగిస్తూనే ఉన్నాయి. మరి అంత గట్టిగా చుట్టుకున్నప్పుడు తన ఊపిరి మాటేమిటి? 2022లో వచ్చిన పరిశోధన ప్రకారం, నొక్కుకుపోయిన పక్కటెముకల్ని వదిలేసి, ఒంట్లో మరో భాగంలోని పక్కటెముకలతో గాలి పీలుస్తుంది. పాము పక్కటెముకల చుట్టూ బీపీ చూసే పట్టీ కట్టి మరీ దీన్ని కనిపెట్టారు.

తండ్రి లేని ఇరవై రెండు

ఒక్కటే ఆడ బోవాను పెంచుతున్నాం, పిల్లల బెడద లేదనుకుంటే పొరపాటు. 2010లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు ఒక పెంపుడు బోవా రెండు కాన్పుల్లో కన్న 22 పిల్లల డీఎన్‌ఏ పరీక్షించారు. అన్నీ ఆడవే, వేటికీ తండ్రి లేడు. అరుదే, అయినా జరిగింది.

రెండో పాము తెస్తే

బోవాల్ని పీడించే ఐబీడీ అనే జబ్బుకు మందు లేదు. పైకి కనిపించకుండా నెలల తరబడి ఉండగలదు. దాని వెనక అరీనా వైరస్‌లు ఉన్నట్టు 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు గుర్తించారు. అప్పటిదాకా ఈ కుటుంబపు వైరస్‌లు క్షీరదాల్లోనే తెలుసు. అందుకే కొత్త పామును వేరే గదిలో కనీసం మూడు నెలలు ఉంచుతారు. పాత పాము పని ముందు, కొత్తదాని పని తర్వాత. పొలుసుల సందుల్లోనో నీళ్ల గిన్నె అడుగునో నల్ల చుక్కలు కదులుతుంటే అవి రక్తం పీల్చే పురుగులు. మనకైతే సాల్మొనెల్లా భయం. పామును ముట్టుకున్న చేతులు సబ్బుతో కడగాలి, దాని గిన్నెలు వంటింటి సింకులో తోమకూడదు.

కరెంటు పోతే

2021 ఫిబ్రవరిలో టెక్సస్‌ను మంచు కమ్మేసి, లక్షల ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. బోవా ఉన్న ఇంట్లో ఇలాంటప్పుడు మొదటి పని తిండి ఆపేయడం. పెట్టె చుట్టూ దుప్పట్లు కప్పి, గాలి ఆడే సందు ఉంచి, వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి లోపల పెట్టాలి.

వదిలేస్తే

విసుగెత్తి పొదల్లో వదిలేయడం ఎంత పని చేస్తుందో కరీబియన్ దీవి అరూబా చెబుతుంది. అక్కడ సహజంగా లేని బోవా 1999లో కనబడింది. ఇప్పుడు పక్షుల్ని, బల్లుల్ని తింటూ స్థిరపడిపోయింది. అమెరికా ప్రభుత్వం 2012లో, 2015లో బర్మా కొండచిలువ, పచ్చ అనకొండ లాంటి పెద్ద పాముల్ని హానికర జాతుల జాబితాలో చేర్చింది. బోవాను చేర్చాలన్న ప్రతిపాదన మాత్రం 2015లో వెనక్కి తీసుకుంది. రాష్ట్రం, ఊరు, చివరికి అపార్ట్‌మెంట్ అద్దె ఒప్పందం కూడా అడ్డు చెప్పవచ్చు, ముందే చదువుకోవాలి.

మన దగ్గర?

దేశవాళీ పాముల్ని పెంచడం మన వన్యప్రాణి చట్టం కింద నేరం. రెండు తలల పాము పేరుతో అదృష్టం తెస్తుందని మన రెండు రాష్ట్రాల్లోనూ దొంగచాటుగా అమ్మజూసే పాము నిజానికి బోవాకు దగ్గరి చుట్టమే. దానికి తల ఒక్కటే, రెండోది మొద్దు తోక. విదేశీ బోవా సంగతి వేరు. 2022లో చట్టాన్ని సవరించాక, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. చేతులు మారినా, చనిపోయినా, పిల్లల్ని పెట్టినా తెలియజేయాలి. ఒక్క కాన్పులో పాతిక పుడితే పాతిక లెక్కా చెప్పాల్సిందే.